పిండికట్టు కోసిన రోజే అడగాల్సింది

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నాలుగేళ్ల కింద మా అమ్మ పొద్దున్నే వాకిట్లో అలుకు చల్లుతూ జారి, చెయ్యి కిందికి ఆనించింది. మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు, ఆరు వారాలకు కోసేశారు, నొప్పి మాత్రలు రాసి పంపించారు. నిలబడ్డ చోట పడితేనే ఎముక ఎందుకు విరిగిందని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు, వయసు మీద పడిందనుకున్నాం. నిరుడు బాత్‌రూంలో పడితే తుంటి విరిగింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని గడప దాకా వస్తుంది. ముగ్గు చుక్కలు ఎన్ని పెట్టాలో కోడలికి అక్కడి నుంచే చెప్తుంది.

ముప్పై ఐదేళ్లకే అమ్మకు గర్భసంచి తీశారు, దాంతో పాటు అండాశయాలూ. అవి పోతే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పోతుంది, ఎముక త్వరగా గుల్లబారుతుంది. ఈ మాట మాకు తుంటి విరిగాకే తెలిసింది. దేశంలో గర్భసంచి తీసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తున్నాయి. హైదరాబాద్ పేద మహిళల ఎముకలు ముందే బలహీనపడుతున్నాయని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2005లోనే రాసింది. అంటే ఈ ఆడవాళ్లెవరో మీ శాఖకు కొత్తగా చెప్పక్కర్లేదు.

నేను అడిగేది పెద్ద భవనం కాదు, ఒక మనిషిని. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1999లో మొదలైన పద్ధతి ఇది: యాభై దాటినవాళ్లు ఎముక విరిగి ఆస్పత్రికి వస్తే, ఒక నర్సు వాళ్ల పేరు రాసుకుని, ఎముకల సాంద్రత పరీక్షకు పంపి, మందు మొదలయ్యే దాకా వదలదు. మన ప్రతి జిల్లా ఆస్పత్రి ఎముకల విభాగంలో అలాంటి నర్సును పెట్టండి. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా మిషన్ జిల్లాకొకటి కావాలి. అది వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు, తుంటి విరిగిన ముసలమ్మకు మందు మొదలుపెట్టడానికి అలా విరగడమే చాలినంత రుజువు.

మందు కూడా అందనిదేం కాదు. జోలెడ్రోనిక్ యాసిడ్ ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. ముందు కిడ్నీ, విటమిన్ డి, కాల్షియం చూసుకోవాలి, అంతే. తుంటి విరిగినవాళ్లకు దీన్నిస్తే మళ్లీ ఏదో ఒక ఎముక విరగడం 35 శాతం తగ్గిందని 2007లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. విరిగాక ఆపరేషన్‌కు ఇచ్చే ఆరోగ్యశ్రీ, విరగకుండా ఆపే ఈ ఇంజెక్షన్‌కూ ఇవ్వాలి. బీపీ, షుగర్ చూడటానికి ఇంటికొచ్చే ఆశ అక్క "ఎప్పుడైనా పడి ఎముక విరిగిందా, గర్భసంచి ఎప్పుడు తీశారు" అని కూడా అడిగి రాసుకోవాలి.

మొన్న అమ్మకు మొదటి ఇంజెక్షన్ సొంత డబ్బుతో వేయించాం. రెండో తుంటి ఇంకా బాగుంది.

ఇట్లు,
ఒక కొడుకు