పురుగుమందు కొట్టే కూలీలకు మూత్ర పరీక్షలు చేయండి

సంపాదకుల వారికి,

2021లో నల్ల తామరపురుగు వచ్చి పడ్డాక మా వైపు మిర్చి తోటల్లో మందు కొట్టడం బాగా పెరిగింది. పొద్దున పంపు తగిలించుకున్న కూలీకి సాయంత్రానికి వీపంతా తడిసిపోతుంది. అది చెమటో, డబ్బా మూత దగ్గర కారిన మందో ఎవరూ చూడరు. తల తిరిగితే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటాడు.

ఒంట్లోకి మందు ఎంత వెళ్లిందో మూత్ర పరీక్షతో తెలుసుకోవచ్చు. క్లోరిపైరిఫాస్ లాంటి పురుగుమందులు ఒంట్లో విరిగి, ఆ ముక్కలు చాలావరకు రెండు మూడు రోజుల్లో మూత్రంలో పోతాయి. పిచికారీ చేసేవాళ్లకు వైద్య పరీక్షలు చేయాలని, కొన్ని రకాల మందులకైతే రక్తంలో కోలినెస్టరేజ్ (నరాలు సరిగా పనిచేయడానికి కావాల్సిన ఎంజైమ్, ఆ మందుల వల్ల దెబ్బతింటుంది) చూడాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది. మా ఊళ్లో అలా చేయించుకున్నవాళ్లు నాకు కనబడలేదు. ఆ రక్త పరీక్ష ఉండాల్సిందే. కానీ మందు కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతుంటే అందులో తేడా కనిపించకపోవచ్చు, మూత్రంలో కనిపిస్తుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయాక గానీ దేశం అటు చూడలేదు.

అయితే తీరిక చూసుకుని ఎప్పుడో క్యాంపు పెడితే ప్రయోజనం లేదు. సీజన్‌కు ముందు ఒకసారి, మందు కొట్టిన మర్నాడు పొద్దున ఒకసారి నమూనా తీసుకోవాలి. తిండి ద్వారా కూడా కొంత మందు అందరి ఒంట్లోకీ వెళ్తుంది కాబట్టి రెండూ పోల్చి చూస్తేనే పని వల్ల ఎంతో తేలుతుంది. చేతికున్న మందు సీసాలో పడితే లెక్క తప్పుతుంది, అందుకే ముందు సబ్బుతో చేతులు కడిగించాలి. నీళ్లు ఎక్కువ తాగినవాళ్లకు మూత్రం పలచబడుతుంది గనక, అది ఎంత పలచబడిందో తెలిపే క్రియాటినిన్ కూడా చూడాలి. పీహెచ్‌సీలో నమూనా తీసి, ఐస్ పెట్టెలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లాంటి చోటికి పంపే ఏర్పాటు ప్రభుత్వానికి పెద్ద భారమేమీ కాదు.

మందు కొట్టిన మర్నాడే కలుపుకో, కాయ కోతకో దిగే ఆడవాళ్లను ఇందులో తప్పక చేర్చాలి. తడి ఆకుల్లో రోజంతా చేతులు పెట్టేది వాళ్లే. వీపున పంపు లేదు కాబట్టి వాళ్లను ఎవరూ అడగరు.

ఫలితం ముందు కూలీకే, తెలుగులో చెప్పాలి. అది మేస్త్రీ చేతికి పోయి, ఎక్కువ వచ్చినవాళ్లను పనిలోకి రావద్దంటే రెండోసారి నమూనా ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. అలాంటివాళ్లకు కొన్నాళ్లు మందు తగలని పని, అదే కూలికి, ఇప్పించాలని వ్యవసాయ, ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

– ఒక మిర్చి రైతు, పల్నాడు జిల్లా