బ్లాక్‌చెయిన్ పొలం కొలవదు

అయ్యా,

భూముల రిజిస్ట్రేషన్‌కు బ్లాక్‌చెయిన్ వాడే సంగతి పరిశీలించమని 2025 నవంబరులో సుప్రీంకోర్టు సూచించినప్పటి నుంచి ఆ మాట మళ్ళీ జోరందుకుంది. రికార్డులు బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కితే తగాదాలే ఉండవన్నట్టు కొందరు చెబుతున్నారు. అదే తీర్పును మొదటి నుంచీ చదివితే సంగతి వేరుగా ఉంటుంది. అమ్మేవాడి పేరు మీద జమాబందీ, అంటే భూమి శిస్తు ఖాతా, ఉంటేనే రిజిస్ట్రేషన్ అన్న బిహార్ నిబంధనను కోర్టు ఆ తీర్పులోనే కొట్టేసింది. అక్కడ సర్వే, మ్యుటేషన్లు (రికార్డులో యజమాని పేరు మార్పిడి) ఇంకా పూర్తికాకపోవడం అందుకు ఒక కారణం. పూర్తికాని రికార్డును ఎంత గట్టి పెట్టెలో పెట్టినా అది పూర్తవదు కదా.

బ్లాక్‌చెయిన్ చేసే పని ఒక్కటే: ఎక్కించిన దాన్ని తరువాత ఎవరైనా మారిస్తే పట్టిస్తుంది. ప్రతి నమోదు నుంచీ ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో 64 అక్షరాల హ్యాష్ తీస్తారు. అది ఆ నమోదుకు వేలిముద్ర లాంటిది. సర్వే నంబరులో ఒక్క అంకె మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. కొన్ని నమోదుల కట్టను బ్లాకు అంటారు. ప్రతి బ్లాకులోనూ అంతకు ముందు బ్లాకు హ్యాష్ ఉంటుంది కాబట్టి మధ్యలో ఒకటి దిద్దితే ఆ తరువాతవేవీ పొసగవు. ఇందులో మోసమేమీ లేదు, గట్టి విద్యే. అయితే ఎక్కించింది నిజమా కాదా అన్నది దానికి తెలియదు.

మన తగాదాల్లో ఎక్కువ భాగం ఎక్కించక ముందే పుడతాయి. తండ్రి పోయాక ఫౌతీ (వారసుల పేరు మీదికి మార్పిడి) చేయించరు. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకుని గట్లు పోసుకుంటారు, కాగితంలో మాత్రం తండ్రి పేరే నడుస్తుంటుంది. తెలంగాణలో రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాల, అంటే సాదాబైనామాల గొడవ చెప్పనక్కర్లేదు. సబ్‌డివిజన్లు రిజిస్టరులో పడతాయి గాని సర్వే శాఖ కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీ పటంలో పడవు. చివరికి ముక్కలన్నీ కలిపితే అసలు సర్వే నంబరు విస్తీర్ణం కంటే ఎక్కువ తేలుతుంది. ఒక ముక్క ప్రభుత్వ భూమి అయితే నంబరు మొత్తాన్నీ రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో పడేస్తారు. పైగా మన దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజే, హక్కు కాదు. అమ్మేవాడికి ఆ హక్కు ఉందో లేదో సబ్‌రిజిస్ట్రారు తేల్చడు.

2020 అక్టోబరు 29న మొదలైన తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణిలో అనుభవదారు (భూమి ఎవరి స్వాధీనంలో ఉందో చెప్పే) కాలమ్ ఉండేది కాదు. పాస్‌బుక్కులో పడ్డ తప్పును దిద్దించుకోవడానికి టీఎం-33 దరఖాస్తు పెట్టుకుని కలెక్టరు దాకా పోవలసి వచ్చింది. వెనకున్నది మామూలు డేటాబేస్ కాక బ్లాక్‌చెయిన్ అయివుంటే ఆ రైతుకు ఏం తేడా వచ్చేది? సాంకేతికంగా అందులోనూ దిద్దుబాటు కుదురుతుంది, పాత నమోదు మీద కొత్తది వేస్తారు. దాన్ని వేసే అధికారం ఎవరిది, ఎన్ని రోజుల్లో వేయాలి, వేయకపోతే ఎవరి దగ్గరికి పోవాలి అన్నవి చట్టం తేల్చాలి. ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి చట్టం అప్పీలుకు దారి పెట్టింది. రైతుకు పనికొచ్చేది అది.

ప్రపంచంలోనూ ఇదే జరిగింది. హోండురాస్‌లో 2015లో ప్రకటించిన ప్రాజెక్టు మధ్యలోనే ఆగిపోయింది. జార్జియా దేశం 2016లో మొదలుపెట్టి భూమి పత్రాల హ్యాష్‌లను బిట్‌కాయిన్ గొలుసులో వేయగలిగింది. ఎందుకంటే వాళ్ళు రిజిస్ట్రీని అంతకు ముందే చక్కబెట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ కూడా 2017లోనే స్వీడన్ సంస్థ క్రోమావేతో ప్రయోగం ప్రకటించింది, కాబట్టి ఇది ఇవాళ కొత్తగా పుట్టిన ఆలోచనేమీ కాదు.

టెండర్లలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: సర్వర్లు ఎవరి చేతిలో ఉంటాయి? నాలుగు నోడ్‌లూ (రికార్డు ప్రతిని ఉంచే సర్వర్లు) ఒకే డేటా సెంటరులో, ఒకే శాఖ కింద, ఒకే కాంట్రాక్టరు పాస్‌వర్డుతో నడిస్తే ఆ నాలుగింటినీ ఒకే రాత్రి తిరగరాయొచ్చు. దాన్ని బ్లాక్‌చెయిన్ అని పిలిచి ఎక్కువ ధర కట్టడం దండగ. ఇలాంటి పనులకు తరచూ వాడే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే బ్లాక్‌చెయిన్ సాఫ్ట్‌వేర్‌లో, సర్వర్లన్నీ ఒక మాట మీదికి రావడానికి రాఫ్ట్ పద్ధతి పెడితే, ఒక సర్వరు ఆగిపోయినా పని సాగుతుంది గాని సర్వరే అబద్ధమాడితే పట్టుకోలేదు. అబద్ధమాడేది ఒకటున్నా తట్టుకోవాలంటే కనీసం 4 నోడ్‌లు కావాలి, రెండున్నా తట్టుకోవాలంటే 7. అవి హైకోర్టు, రిజిస్ట్రేషన్ శాఖ, సర్వే శాఖ, ఒక బ్యాంకు, ఒక విశ్వవిద్యాలయం లాంటి వేర్వేరు చేతుల్లో ఉంటేనే ఆ లెక్కకు అర్థం. ఇక తహసీల్దారు డిజిటల్ సంతకం టోకెన్ ఆపరేటరు సొరుగులో, పిన్‌తో సహా ఉంటే, దొంగ మ్యుటేషన్‌ను కూడా బ్లాక్‌చెయిన్ అంతే భద్రంగా దాచిపెడుతుంది.

మరి పనికొచ్చేది ఏమీ లేదా అంటే, ఉంది. పాత తేదీ వేసి నమోదు ఇరికించడం, రాత్రికి రాత్రి విస్తీర్ణం మార్చడం అనే లోపలి దొంగతనాన్ని ఇది పట్టించగలదు. అందుకు కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు మండలంలోని నమోదులన్నిటి హ్యాష్‌లనూ జతలు జతలుగా కలుపుకుంటూ పోతే చివరికి ఒక్క హ్యాష్ మిగులుతుంది, దాన్ని మెర్కిల్ రూట్ అంటారు. దాన్ని శాఖ చేతికి అందనిచోట ప్రచురించాలి. ఈ పద్ధతికి మూలం అమెరికాలో హేబర్, స్టోర్నెటా అనే పరిశోధకులు 1991లో చేసిన ప్రతిపాదన. వాళ్ళ సంస్థ 1995 నుంచి వారానికో హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో అచ్చు వేయించింది. బిట్‌కాయిన్ పత్రం 2008లో వచ్చింది, అందులో వీళ్ళ పేర్లు ఉదహరించారు. మీ పత్రిక జిల్లా ఎడిషన్‌లో మండలానికి రెండు వరుసలు ఇస్తే చాలు, అచ్చయిన ప్రతులన్నీ వెనక్కి తెచ్చి దిద్దడం ఎవరి వల్లా కాదు. రైతు పాస్‌బుక్కు మీది క్యూఆర్ కోడులో దారి హ్యాష్‌లు, అంటే ఆ నమోదు నుంచి మెర్కిల్ రూట్ దాకా లెక్క కట్టడానికి కావలసినవి, పెట్టాలి. 10 లక్షల నమోదులున్నా 20 హ్యాష్‌లే పడతాయి. ఫోనులోనే సరిచూసుకోవచ్చు.

ఇందులోనూ జారిపడే చోట్లున్నాయి. మైసయ్య పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. శ్రీనివాస్ చివర కంటికి కనబడని గుర్తు ఒకటి చేరొచ్చు. తెర మీద తేడా తెలియదు, హ్యాష్ మాత్రం వేరవుతుంది. అందుకని పేర్లను ముందు ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక యూనికోడ్ రూపంలోకి తెచ్చి, కనబడని గుర్తులు తీసేయాలి. విస్తీర్ణం ఇంకో చిక్కు. 2.20 అంటే తెలంగాణలో రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో అదే రెండెకరాల ఇరవై సెంట్లు. చదరపు మీటర్లలోకి మార్చాకే హ్యాష్ తీయాలి. ఆధార్ నంబరుకు నేరుగా హ్యాష్ తీసి బయటపెట్టడం మరీ ప్రమాదం. సాధ్యమయ్యే నంబర్లు లక్ష కోట్ల లోపే కాబట్టి మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి గంటలోపు అన్నీ ప్రయత్నించి అసలు నంబరు తీసేస్తుంది. ప్రతి నమోదుకూ రహస్యమైన యాదృచ్ఛిక సంఖ్యను కలిపి తీయాలి. ఈ మూడూ ముందుగా కాగితం మీద తేల్చుకోకుండా టెండరు పిలిస్తే, మొదటి నెలలోనే అసలైన పాస్‌బుక్కులు సైతం సరిపోలలేదని వెనక్కొస్తాయి.

— భూ రికార్డుల సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, వరంగల్