పాత జ్ఞానస్నానం పుస్తకాలను చెదలకు వదిలేస్తారా?

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో వంశవృక్షాల మీద వ్యాసం వేశారు. క్రైస్తవ కుటుంబాల వాళ్లయితే చర్చికి వెళ్లి పాత రిజిస్టర్లు అడిగితే చాలు, నాలుగైదు తరాల పేర్లు ఇట్టే దొరుకుతాయని అందులో ఉంది. అది చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. మా ముత్తాత పేరున్న ఒక్క వరస కోసం నేను పద్నాలుగు నెలలు తిరిగానండీ. ఇట్టే దొరకడం అంటే ఏమిటో ఆ రాసినవారు ఒకసారి నాతో వచ్చి చూడాలి.

మాది పల్నాడు. ధాత కరువు (1876-78 నాటి పెద్ద కరువు) తర్వాత మావాళ్లు కతోలికుల్లో కలిశారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు, అంతకు మించి ఎవరికీ తెలీదు. సెంటు భూమి లేనివాళ్లం కాబట్టి కరణంగారి లెక్కల్లో మా పేర్లు ఉండవు. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషి మా నాన్న. కాబట్టి మా ముత్తాత అనే మనిషి పుట్టాడు, పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు అని చెప్పే కాగితం ఏదన్నా ఉంటే అది విచారణ (ఒక ఫాదర్‌గారి కింద ఉండే పారిష్) గుడిలోని జ్ఞానస్నానం (బాప్తిస్మం) పుస్తకం ఒక్కటే.

ఏ విచారణ అన్నదే మొదటి చిక్కు. మా ఊరి గుడి విచారణ అయ్యింది నా చిన్నప్పుడు. అంతకు ముందు ఇంకో ఊరి కింద ఉండేది, దానికి ముందు మరో ఊరి కింద. కొత్త విచారణ విడిపోయినా పాత పుస్తకం తల్లి విచారణలోనే ఉండిపోతుంది. పైగా గుంటూరు వైపు గుళ్లన్నీ 1928 దాకా మద్రాసు కింద, తర్వాత నెల్లూరు మేత్రాసనం (బిషప్‌గారి పరిధి) కింద ఉండి, 1940లో గుంటూరు మేత్రాసనం ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. ఒక ఫాదర్‌గారు అలాంటి పుస్తకమే లేదన్నారు. ఇంకొకరు పాస్కా (ఈస్టర్) పండగ అయ్యాక రమ్మన్నారు, వెళ్లేసరికి బదిలీ అయిపోయారు. వారి మీద నాకు కోపం లేదు, ఒక్కొక్కరు ఏడెనిమిది ఊళ్ల పూజలు చూసుకుంటారు. కానీ బీరువాలో ఏముందో కొత్తగా వచ్చిన ఫాదర్‌గారికి అప్పజెప్పే పద్ధతి ఒకటి ఉండాలి కదా!

చివరికి తొంభైకి దగ్గర పడ్డ ఉపదేశిగారు (ఊళ్లో ప్రార్థనలు, మతబోధ చూసుకునే ఆయన) ఒకాయన గుర్తు చేసుకుని చెప్పారు. క్రిస్మస్ పశువుల పాక బొమ్మలు పెట్టే గదిలో, కొవ్వొత్తుల పెట్టెల కింద ఉంది పుస్తకం. పొడుగాటి పుస్తకం, తోలు వీపు ఊడిపోయింది, అట్ట ఎత్తగానే పొడి రాలింది. రాసినవాళ్లు లండన్‌లో పుట్టిన మిల్ హిల్ మిషనరీ సభ తెల్ల ఫాదర్లు, రాసింది లాటిన్‌లో. నల్లటి సిరా ఇటుక రంగుకి మారి, గట్టిగా నొక్కిన అక్షరాల దగ్గర కాగితాన్నే తినేసింది.

మా ముత్తాత రాయప్ప. పుస్తకమంతా వెతికినా రాయప్ప లేడు. మూడోసారి వెళ్లినప్పుడు గానీ నాకు తట్టలేదు, రాయప్ప అంటే పేతురు, లాటిన్‌లో పేత్రుస్. చిన్నప్ప పౌలుస్ అవుతాడు, ఇన్నయ్య ఇగ్నాసియుస్ అవుతాడు, శౌరయ్యను గ్జావేరియుస్ అని వెతకాలి. ఇంటిపేరు చాలాచోట్ల రాయనే లేదు. తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు చూసి పోల్చుకోవాలి, ఊరి పేరేమో ఆ దొరగారి చెవికి ఎలా వినపడితే అలా రాశారు. దొరికిన రోజు ఆ వరస మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మార్జిన్‌లో వేరే చేతిరాతతో చిన్నగా పెళ్లి తేదీ, పెళ్లికూతురి ఊరు రాసి ఉన్నాయి. మా ముత్తవ్వది వినుకొండ దగ్గరి పల్లె అని మా వంశంలో బతికున్న ఒక్కరికి కూడా తెలీదు. ఆ మార్జిన్ చెప్పింది.

జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు పుస్తకంలో రాయాలని 1563లోనే కతోలిక బిషప్పుల త్రెంతు మహాసభ కట్టడి చేసింది. పాత పుస్తకాలను జాగ్రత్తగా కాపాడాలని 1983 నాటి చర్చి చట్టం 535వ నియమంలో స్పష్టంగా ఉంది. నియమం రోమ్‌లో ఉంటే పుస్తకం కొవ్వొత్తుల కింద ఉంది. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం అక్కడి కతోలిక విచారణల పాత పుస్తకాలను, 1740ల నుంచి 1880 దాకావి, 2015 జులైలో ఇంటర్నెట్‌లో పెట్టింది. 3,70,000కు పైగా ఫొటోలు, పైసా కట్టకుండా ఎవరైనా చూడొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన తెల్ల సిపాయి మునిమనవడు వాళ్ల తాత జ్ఞానస్నానం నకలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో చూసుకోగలడు. ఇక్కడి మట్టిలో పుట్టి ఇక్కడే సమాధుల తోటలో ఉన్న మా తాత నకలు ఎక్కడుంది?

ఒక్క కతోలికుల మాటే కాదు. 1842 నుంచి గుంటూరులో లూథరన్ మిషన్ ఉంది. ఒంగోలు బాప్టిస్టు మిషన్ 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఆ మనుషుల మునిమనవళ్లు ఎన్ని ఇళ్లల్లో ఉన్నారో, వాళ్ల పాత పుస్తకాలు ఏ గదిలో ఏ స్థితిలో ఉన్నాయో అడిగేవాళ్లు లేరు. సర్కారు వైపు చూస్తే అదీ అంతే. 1984లో కరణాలను తీసేశారు, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మా పెదనాన్న పుట్టిన తేదీ కోసం ఒక ఆఫీసుకు వెళ్తే పాత రిజిస్టరు అప్పటి మార్పుల్లో ఎటు పోయిందో తెలీదని నిలబెట్టి చెప్పి పంపారు. మన దగ్గర మాత్రం ప్రతిదానికీ ప్రూఫ్ అడుగుతారు, ప్రూఫ్ దాచాల్సిన వాళ్లు దాచరు.

పుస్తకాలు బయటపెడితే కుల సర్టిఫికెట్లకు ఇబ్బంది వస్తుందని కొందరి భయం. క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదన్న 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నంతకాలం వాళ్లకు ఆ భయం ఉంటుంది, దాన్ని నేను కాదనను. అందుకే ఇంటర్నెట్‌లో పెట్టమని నేను అడగడం లేదు. ముందు ఫొటోలు తీసి రెండు చోట్ల దాచండి. వందేళ్లు దాటిన పేజీలను ఆ కుటుంబం వాళ్లు వస్తే చూడనివ్వండి. ఒక స్కానరు, ఓపికున్న ఇద్దరు కుర్రాళ్లు, లాటిన్ చదవగల పెద్ద ఫాదర్‌గారు ఒకరు ఉంటే ఒక్కో విచారణకి వారం పని. గుడి గోపురాలకి, గ్రోటోలకి (మరియమాత గుహలకి) రంగులేయించే దాతలు ఊరూరా ఉన్నారు, వాళ్లను అడిగితే కాదంటారా?

నేను చూసిన పుస్తకంలో చివరి పన్నెండు ఆకులు తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మా ముత్తాత చెల్లెలు ఆ ఆకుల్లోనే ఉండాలి. చించకుండా విడదీయడం తెలిసిన వాళ్లు మీ పాఠకుల్లో ఉంటే దయచేసి మీ పత్రిక ద్వారా నాకు కబురు పెట్టండి. ఇప్పుడున్న ఫాదర్‌గారు ఒప్పుకున్నారు, ఖర్చు నేను పెట్టుకుంటాను. ఆ గది కప్పు కారుతోంది, వానలు మొదలవక ముందే ఆ పని అయిపోవాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
పల్నాడు జిల్లా