టర్బో మార్చే ముందు గాలి ఎక్కడ పోతోందో చూద్దాం

బావా,

ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బోను మార్చాల్సిందేనని వర్క్‌షాపులో చెప్పారని రాశావు. ఆ డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. నువ్వు రాసిన లక్షణాలను నేను ఒకటికి రెండుసార్లు చూశాను. ఖాళీ బండి మామూలుగానే పోతోంది. రాజోలు వైపు నుంచి రొయ్యల లోడుతో వస్తూ చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం లాగడం లేదు, వెనక నల్లటి పొగ, యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా బానెట్ కింద బుస్సుమనే చప్పుడు. ఆ చప్పుడు గురించి రాశావు చూడు, అక్కడే నాకు ఆశ పుట్టింది. టర్బో బాగానే ఉండి, అది నొక్కి పంపిన గాలి దారిలో ఎక్కడో బయటికి పోతోందని నా గట్టి అనుమానం.

మన ప్రాంతంలో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. నేలంతా చదును కాబట్టి ఇంజన్ మీద పెద్ద భారం పడదు, టర్బో సగం పని చేసినా బండి నడిచిపోతుంది. మనకు ఎత్తు అంటే వంతెనలే కదా: చించినాడ, సిద్ధాంతం, జొన్నాడ. లోడుతో వాటి మీదికి ఎక్కినప్పుడే ఇంజన్ నిజంగా గాలి అడుగుతుంది. "వంతెన మీద మాత్రమే కదా" అని నెలల తరబడి ఊరుకునేవాళ్లను చాలామందిని చూశాను. అలా ఊరుకుంటే, తగ్గిన గాలిని భర్తీ చేయడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాల్సి వస్తుంది. బాగున్న టర్బో కూడా అలా పాడవుతుంది.

అసలు జరిగేది ఇది. పొగగొట్టంలోకి పోయే వేడి వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి ఒత్తిడితో ఇంజన్‌లోకి తోస్తుంది. ఆల్ఫ్రెడ్ బూకి అనే స్విస్ ఇంజనీరు 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది, ఇప్పటికీ మూలం మారలేదు. ఒక బార్ ఒత్తిడి అదనంగా ఇస్తే, అంటే టైరు గాలి కొలిచే లెక్కలో సుమారు 14.5 పీఎస్ఐ, మామూలు గాలికి దాదాపు రెట్టింపు సిలిండర్లలోకి చేరుతుంది. అయితే టర్బో నుంచి ఇంజన్ దాకా రబ్బరు గొట్టాలు, క్లిప్పులు, మధ్యలో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు వదిలినా కాలువకు మధ్యలో గండి పడితే శివారు పొలం ఎండుతుంది, ఇక్కడా అంతే. డీజిలు మాత్రం తగ్గకుండా పడుతుంది, దాన్ని కాల్చే గాలి చాలదు. ఆ కాలని డీజిలే నీకు కనిపిస్తున్న నల్లపొగ.

దీన్ని కనిపెట్టడానికి ఇంటి దగ్గర చాలినంత సామాను దొరుకుతుంది. చెరువుల పుణ్యమా అని మన ఊళ్లలో పీవీసీ పైపుల దుకాణం లేని సెంటరు లేదు. 63 లేదా 75 మిల్లీమీటర్ల పైపు ముక్క, దానికి ఒక ఎండ్ క్యాపు తీసుకో. క్యాపు నడుమ రంధ్రం చేసి, పంక్చర్ షాపులో దొరికే ట్యూబ్‌లెస్ టైరు వాల్వును లోపలి నుంచి లాగి బిగించు. పైపు ముక్కకు క్యాపును సొల్యూషన్ పెట్టి అతికించి ఒక రోజంతా ఆరనివ్వు. టర్బో గాలి పీల్చే మూతికి ఈ ముక్కను కలపడానికి మందపాటి రబ్బరు గొట్టం, రెండు గట్టి హోస్ క్లిప్పులు కావాలి. గాలి కొట్టడానికి ప్రెషర్ గేజీ, రెగ్యులేటరు ఉన్న చిన్న కంప్రెసరు అయితే మంచిది. కారు టైర్లకు వాడే 12 వోల్టుల పంపు కూడా పనికొస్తుంది కానీ దాని గాలి పలచన. పెద్ద లీకు ఉంటే ముల్లు పైకి లేవదు. అప్పుడు కూడా చప్పుడు వినిపిస్తుంది కాబట్టి పని ఆగదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను, దీన్ని తేలిగ్గా తీసుకోకు. పంక్చర్ షాపు కంప్రెసరు ట్యాంకులో 100 పీఎస్ఐకి పైగా ఉంటుంది. దాన్ని నేరుగా కలిపితే క్యాపు ఊడి తుపాకీ గుండులా వస్తుంది, పీవీసీ అయితే పగిలి ముక్కలు ఎగురుతాయి. నీ బండి తయారీదారు చెప్పిన బూస్టు, అంటే టర్బో ఇచ్చే అదనపు ఒత్తిడి, ఎంతో తెలుసుకుని దాన్ని దాటకు, అది తెలియకపోతే 15 పీఎస్ఐ దగ్గర ఆగిపో. క్యాపుకు ఎదురుగా నిలబడకు, కళ్లద్దాలు పెట్టుకో, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. గాలి పూర్తిగా వదిలేశాకే క్లిప్పు విప్పు.

ఇంజన్ చల్లగా ఉండాలి, తాళం తీసేసి ఉండాలి. ముందు ఎయిర్ ఫిల్టరు డబ్బా దగ్గర గొట్టం విప్పు. ఆ చివర గాలిని కొలిచే సెన్సారు ఉంటే దాన్ని విడిగా తీసి శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టు, దాని మీద సబ్బునీటి చుక్క కూడా పడకూడదు. ఇంజన్ లోపలి ఆవిరిని ఈ గొట్టంలోకి తెచ్చే చిన్న బ్రీదరు పైపు ఒకటి ఉంటుంది. దాన్ని తీసి గొట్టం వైపు రంధ్రాన్ని బిగువుగా మూసెయ్యి. ఆ పైపును అలాగే వదిలేస్తే నువ్వు కొట్టే గాలి చమురు ఉండే భాగంలోకి దూరి ఆయిల్ సీళ్లను బయటికి తోస్తుంది. ఈ మొదటి గొట్టం పలచనిది, దీని చివర క్యాపు బిగించి 3, 4 పీఎస్ఐతో మాత్రమే పరీక్షించు. ఇక్కడి చిల్లును చిన్నచూపు చూడకు, ఫిల్టరును తప్పించుకున్న దుమ్ము నేరుగా టర్బో చక్రాన్ని కొరికేది ఇక్కడి నుంచే. అది అయ్యాక క్యాపును టర్బో మూతికే బిగించి, 5 దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ పో.

చెవి పెట్టి విను. గజం పొడవు సన్న గొట్టం ఒక కొస చెవి దగ్గర పట్టుకుని రెండో కొసను కీళ్ల మీదుగా తిప్పితే, బుస్సుమనే చోటు వేలు పెట్టి చూపినట్లు తెలిసిపోతుంది. తర్వాత స్ప్రే సీసాలో చిక్కటి సబ్బునీరు పోసి కీళ్ల మీద, గొట్టాల అడుగున, ఇంటర్‌కూలరు అంచుల మీద కొట్టు. అడుగు భాగాన్ని మరవకు, గొట్టం ఇనుప పట్టీకి రాసుకుని చీలేది కనబడని వైపే. కీలు దగ్గర నూనె తడి మీద దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తే అక్కడ ముందు చూడు. ఇంటర్‌కూలరులో అల్యూమినియం దిమ్మెకు ప్లాస్టిక్ తొట్టిని మడత పెట్టి బిగించిన గీత ఉంటుంది, బుడగలు ఆ గీత వెంట కూడా రావచ్చు. నువ్వు సముద్రం పక్క దారుల్లో తిరుగుతావు కాబట్టి ఉప్పుగాలికి తెల్లగా పొడి రాలుతున్న చోటు ఉందేమో తడిమి చూడు.

ఒక విషయంలో కంగారు పడకు. గాలి కొట్టడం ఆపగానే గేజీ ముల్లు మెల్లగా దిగుతుంది, అది సహజమే. ఆగిన ఇంజన్‌లో ఏదో ఒక సిలిండరు వాల్వు తెరుచుకుని ఉండవచ్చు. గాలి అందులోంచి పొగగొట్టంలోకో, పిస్టన్ రింగుల పక్క నుంచి ఆయిల్ పోసే మూత వైపుకో కొంత పోతుంది. పొగగొట్టం దగ్గర ఎక్కువగా వినిపిస్తే గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజన్ ఇరుసు కొసన ఉండే క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానరు వేసి, ఇంజన్ తిరిగే దిశలోనే కొద్దిగా తిప్పు. చప్పుడు మారితే అది వాల్వుల సంగతి. మారకపోతే పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి.

మా కొబ్బరికాయల వ్యానుకు చేసినప్పుడు బుడగలు వచ్చింది ఇంటర్‌కూలరు కింది గొట్టం నుంచి. బయటికి చెక్కుచెదరనట్లున్న గొట్టం, ఒత్తిడి పెరిగినప్పుడే చీలిక నోరు తెరిచింది. అందుకే ఆగిన బండిని కళ్లతో చూసి "గొట్టాలన్నీ బాగున్నాయి" అంటే నేను నమ్మను. కొత్త గొట్టం వేశాక రావులపాలెం అరటికాయల లోడుతో జొన్నాడ వంతెన ఎక్కితే బండి గేరు తగ్గించమని అడగలేదు, అద్దంలో పొగ లేదు. ఆ రోజు పడ్డ సంతోషం నీకూ దక్కాలని ఇంత పొడుగున రాస్తున్నాను. చీలికకు టేపు చుట్టడం ఇంటికి చేరే దాకా సరే, తర్వాత గొట్టం మార్చాల్సిందే. బిగించే ముందు రెండు అంచుల మీదా నూనె జిడ్డు తుడిచెయ్యి, లేకపోతే లోడు మీద మళ్లీ జారిపోతుంది.

అన్నీ బిగువుగా ఉండి ఒక్క బుడగా రాకపోతే అప్పుడు టర్బో దగ్గరికి వెళదాం. ఇరుసు ఊగుతోందా, చక్రం రెక్కలు గోడకు రాసుకున్నాయా, టర్బో ఒత్తిడిని అదుపు చేసే యాక్చుయేటరుకు వెళ్లే సన్న పైపు చీలిందా అని చూశాక మార్చమంటే నేనే నీతో వర్క్‌షాపుకు వస్తాను.

టర్బో మూతి బయటి కొలత టేపుతో తీసి వెంటనే పంపు, క్యాపు నేనే చేసి ఉంచుతాను. చెరువు పట్టుబడి లేని రోజు చూసుకుని బండి తీసుకుని అంబాజీపేట వచ్చెయ్. చెల్లాయినీ పిల్లల్నీ తీసుకురా, వాళ్లు తోటలో ఉంటారు, మనం బానెట్ ఎత్తుదాం.

నీ బావ