నీ రాకుమారుడి గురించి

చిన్నీ,

నువ్వు బెంగళూరు వెళ్తూ మంచం మీద వదిలేసిన ఆ లావుపాటి నవల, అదే శత్రు రాకుమారుడితో ప్రేమలో పడే పిల్ల కథ, చదివేశాను. అట్ట మీది పుర్రె, దానికి చుట్టుకున్న ముళ్ళతీగ చూసి మెట్రోలో పక్కావిడ కాస్త జరిగి కూర్చుంది. మర్నాడే పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసేశాను. మియాపూర్ నుంచి నాంపల్లి దాకా రోజూ అదే పని.

మొదటి పేజీలోనే హత్యలు, హింస, పడకగది సన్నివేశాలు ఉంటాయి జాగ్రత్త అని చెప్పేశారు. అది నాకు నచ్చింది. ఆ అధ్యాయాలు చదివావా అని అడక్కు. చదివాను. మెట్రోలో మాత్రం కాదు.

శత్రువులు ప్రేమికులవడం మీ తరం కనిపెట్టిందేమీ కాదులే. జైమిని భారతంలో ప్రమీల ఉంది కదా, స్త్రీరాజ్యపు రాణి. ధర్మరాజు అశ్వమేధ గుర్రాన్ని కట్టేసి, దాని వెంట వచ్చిన అర్జునుడితో యుద్ధానికి దిగుతుంది, చివరికి ఆయన్నే చేసుకుంటుంది. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమిని భారతాన్ని 15వ శతాబ్దంలోనే తెలుగు చేశాడు. ఇక యద్దనపూడి నవలల్లో పొగరుబోతు హీరోల కోసం అమ్మమ్మా నేనూ పోట్లాడుకునేవాళ్ళం. వాళ్ళకి కార్లుండేవి, నీ రాకుమారుడికి డ్రాగన్ ఉంది, అంతే తేడా.

గుడారంలో రాకుమారుడి భుజానికి ఆ పిల్ల కట్టు కట్టే చోటు నాకు చాలా నచ్చింది. రెండు చేతులూ కావాలి కాబట్టి కత్తిని పళ్ళ మధ్య పట్టుకుంటుంది, కింద పెట్టదు. అతనేమో మెడ ఆమె వైపే తిప్పి కూర్చుంటాడు. ఒక్క తియ్యటి మాట లేదు. అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు అలా ఉండిపోయాను.

ఆ తర్వాతే నాకు ఒళ్ళు మండింది. అతని సైన్యం ఆ పిల్ల ఊరు తగలబెట్టింది, ఆమె తమ్ముడు అందులోనే పోయాడు. అతను చిన్నప్పుడు తండ్రి తనని చీకటి కొట్లో పెట్టాడని చెప్పగానే ఈ పిల్ల ఏడ్చి గుండెల మీద వాలిపోతుంది. ఇక తమ్ముడి ఊసే ఉండదు. వెనక్కి తిప్పి మరీ వెతికాను. బాధలు పడ్డవాడని జాలిపడొచ్చు, కాదనను. చేసినదానికి అది జవాబెలా అవుతుంది? ఒక్కసారైనా ఆ తమ్ముడి పేరు అతని నోట రావద్దూ? పైగా "నీ కోసం లోకాన్నే తగలబెడతాను" అన్న మాట కింద పెన్సిల్ గీత గీసి గుండె బొమ్మ వేశావు. అప్పటికే తగలబెట్టాడు కదే!

ఇది చదివి నువ్వు అలాంటివాణ్ణి వెతుక్కుంటావన్న టెన్షన్ నాకేం లేదు. "అమ్మాయి ఇలాంటివి చదువుతోందేంటి" అని మీ నాన్న గొణిగారు. డిటెక్టివ్ నవలలు అన్నన్ని చదివి మీరు ఎవర్ని చంపారు అన్నాను. మళ్ళీ మాట్లాడలేదు.

కథ సరిగ్గా కోట తలుపు తెరుచుకునే దగ్గర ఆపేశారు, ఇదేం అన్యాయం? కోఠీలో అడిగితే మూడో భాగం ఉంది, రెండోది లేదన్నారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూస్తాను. నీ దగ్గరుంటే దసరాకి వచ్చేటప్పుడు తీసుకురా. తమ్ముడి సంగతి అందులో తేలుతుందా లేదా, అదొక్కటీ ఫోన్‌లో చెప్పు. మిగతాది చెప్పావంటే ఊరుకోను.

అమ్మ