కొత్తగా వచ్చిన వాలంటీర్లకు

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు, ఎండ ముదరకముందే, వసతిగృహం వరండాలో కలుసుకుందాం. పాస్‌పోర్టు, వీసా నకళ్లతోపాటు ప్రతి ఒక్కరూ తమ దోమతెరను కూడా తీసుకురావాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అగ్గిపుల్ల తల దూరేంత చిరుగైనా కనబడుతుంది, దాన్ని అక్కడే కుట్టుకోవచ్చు. మలేరియా దోమ రాత్రిపూట కుడితే డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది కనుక, పగటిపూట పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

శరీరం ఈ వేడికి అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అంతవరకు మధ్యాహ్నం బరువు పనులు పెట్టుకోకండి. తొలివారంలో తొందరపడి నేను రెండు రోజులు మంచం పట్టాను.

జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని నాకు తెలియజేయండి. డెంగీ కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేసుకోవద్దు.

మీరు వస్తున్నట్టు శనివారం రాత్రిలోగా ఇక్కడే తెలపండి.