మా సంఘానికి పెద్దలెవరో తేల్చండి: మహారాష్ట్ర న్యాయ శాఖా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారములు. మరాఠీలో నేను స్వయంగా రాసిన అర్జీలు మీ శాఖలో ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటి మీద ఆవక్ ముద్ర, అంటే కాగితం అందినట్టు వేసే ముద్ర, పడింది, కొన్నింటి మీద అది కూడా పడలేదు, జవాబు మాత్రం దేనికీ రాలేదు. జిల్లా పరిషత్ బడిలో మరాఠీ చెప్పి పదవీ విరమణ పొందినదాన్ని కనుక భాష అర్థం కాక పక్కన పెట్టారని అనుకోలేను. మరాఠీలో రాసినా చదివేవారు లేనప్పుడు తెలుగులో రాస్తే పోయేదేమీ లేదని, మా తెలుగు క్రైస్తవ సంఘంలోని వృద్ధులైనా చదువుకుంటారని ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. ఊరి పేరూ సంఘం పేరూ ఇందులో ఉండవు. రాస్తే మా తగువు మరో నాలుగు వీధులకు తెలుస్తుందే తప్ప ఒరిగేదేమీ లేదు. తమరికి కావాలంటే ఆ వివరాలన్నీ అర్జీల మీద ఉన్నాయి.

విషయం తమరికి కొత్త కాదు. 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం, సెక్షన్ 22, ఛేంజ్ రిపోర్టు. అంటే ట్రస్టీలు, మా విషయంలో సంఘ పెద్దలు, మారినప్పుడు ధర్మాదాయ కార్యాలయంలో వేయవలసిన నివేదిక. మాది బిషప్పు గారి కింద నడిచే సంఘం కాదు. బొగ్గు గనులకూ కాగితం మిల్లుకూ పని వెతుక్కుంటూ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి ఈ సరిహద్దు జిల్లాల్లో స్థిరపడిన కుటుంబాలు జీతాల్లోంచి దశమ భాగాలు తీసి కట్టుకున్న గుడి. సంఘస్థులే కమిటీని ఎన్నుకుంటారు, కమిటీయే పాస్టరు గారిని పిలుచుకుంటుంది, లెక్కలు ఏటా సర్వసభ్య సమావేశంలో చదువుతారు. అలా జరిగిన ఒక ఎన్నికలోనే పాత కార్యదర్శి వర్గం ఓడిపోయింది, మొదటిసారిగా ఇద్దరు స్త్రీలు సంఘ పెద్దలయ్యారు. ఆ ఇద్దరిలో నేను లేను. ఆ మాట ముందే చెప్పుకోవడం మంచిది. కొత్త పెద్దలు తొంభై రోజుల గడువు దాటకుండా రిపోర్టు వేశారు. ఓడిన వర్గం అభ్యంతరం వేసింది. అది వారి హక్కు, దాన్ని నేను తప్పుపట్టను. అక్కడి నుంచి ఆ కాగితం కదలలేదు.

2017లో తమ ప్రభుత్వమే ఈ సెక్షన్‌ను సవరించింది. ట్రస్టీల పేర్లలో మార్పు వస్తే పదిహేను పనిదినాల్లో తాత్కాలికంగా ఆమోదించవచ్చునని, ముప్పై రోజుల్లోగా అభ్యంతరాలు పిలవాలని, అభ్యంతరం వస్తే విచారణ జరిపి మూడు నెలల్లో తేల్చాలని అందులో ఉంది. మా వకీలు గారు ఆ పేజీని జిరాక్సు తీసి, పసుపు రంగు పూసి ఇచ్చారు. ఆ రంగు ఇప్పుడు వెలిసిపోయింది. మూడు నెలలంటే ఏ నెలలో తమ శాఖ ఒక వివరణ ఇస్తే మేము పంచాంగం మార్చుకుంటాం. క్షమించండి, మాట కాస్త కటువుగా వచ్చింది. కానీ వాయిదా రోజున తెల్లవారుజామున లేచి, ఎస్టీ అనే ప్రభుత్వ బస్సు పట్టుకుని జిల్లా కేంద్రానికి వెళ్లి, వరండాలో గోడకు ఆనుకుని నిలబడే మా పెద్దల్లో చాలామంది గనుల్లో రిటైరైనవారు, ఆయాసం ఉన్నవారు. మధ్యాహ్నం దాటాక గుమాస్తా బయటికి వచ్చి, కేసు వినవలసిన సాహెబు గారికి ఈ రోజు మరో జిల్లా అదనపు బాధ్యత ఉందనో, ఎన్నికల విధులకు వెళ్లారనో, మీ ఫైలు రికార్డు గదిలో దొరకలేదనో చెప్పి, తరువాతి తారీఖు ఒక చీటీ మీద రాసి ఇస్తాడు. అతని తప్పేమీ లేదు. కుర్చీలో మనిషిని నియమించవలసింది అతను కాదు.

ఒకసారి విచారణ నిజంగానే మొదలైంది. అప్పుడు మినిట్స్ పుస్తకం మీద పేచీ వచ్చింది. మా తీర్మానాల పుస్తకం మొదటి నుంచీ తెలుగులోనే ఉంది. మరాఠీ అనువాదం ఇమ్మన్నారు, ఇచ్చాం. అనువాదం సరిగా లేదని ఎదుటి పక్షం అంది. అయితే ధ్రువీకరణ పొందిన అనువాదకుడితో చేయించి తెమ్మన్నారు. అలాంటివారి జాబితా ఇమ్మని అడిగితే, తెలుగుకు తమ దగ్గర ఎవరూ లేరన్నారు. సిరోంచ నుంచి రాజురా దాకా, ఇటు కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూరు దాకా తరతరాలుగా తెలుగువారు ఉన్న జిల్లాలివి. ప్రాణహిత అవతల తెలంగాణ, ఇవతల మేము. ఈ రాష్ట్రంలో ఒక తెలుగు పేజీని చదివి ప్రమాణం చేయగల మనిషిని వెతకడం ఒక చిన్న సంఘం బాధ్యతా, ప్రభుత్వ బాధ్యతా? ఆ ప్రశ్న కూడా అర్జీలో రాశాను.

ఇక తేల్చకపోవడం వల్ల ఏమైందో చెప్పనివ్వండి. కార్యాలయంలో అది ఒక నంబరు, మా దగ్గర అది ప్రతి ఆదివారం.

బ్యాంకు ఖాతా ముందు ఆగిపోయింది. ట్రస్టీల పేర్లుండే ప్రభుత్వ రిజిస్టరును షెడ్యూల్ వన్ అంటారు. అందులో పాత కోశాధికారి పేరే ఉంది, ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఎన్నికైన పెద్దలు రిపోర్టు ఆమోదం పొందకముందే పనిచేయవచ్చునని హైకోర్టు చెప్పిందని వకీలు గారు అంటారు. షెడ్యూల్ వన్‌లో పేరు చూపిస్తేనే సంతకం మారుస్తానని బ్యాంకు మేనేజరు గారు అంటారు. వకీలు గారి చట్టానికీ మేనేజరు గారి చట్టానికీ మధ్య మా కానుకలు ఇనుప బీరువాలో ఉంటున్నాయి. లెక్క ఎవరు రాయాలన్న దానిపైనా పేచీ ఉంది కనుక, ఒకే బీరువాలో రెండు డబ్బాలు ఉన్నాయి. ఆడిటరు గారు సంతకం పెట్టనన్నారు. అప్పుడు ధర్మాదాయ కార్యాలయం నుంచే ఒక నోటీసు వచ్చింది: వార్షిక లెక్కలు ఎందుకు దాఖలు చేయలేదో సంజాయిషీ ఇవ్వాలని. ఆ నోటీసు చనిపోయిన కోశాధికారి గారి పేరు మీద, ఆయన ఇంటికి వచ్చింది. ఆయన భార్య ఆ కవరు పట్టుకుని ఆరాధన అయ్యేదాకా వెనుక బల్ల మీద కూర్చుని, నాకిచ్చి, "టీచరమ్మా, ఈయనకు ఇంకా కేసు పెడతారా?" అని అడిగింది. కొత్త కమిటీ ఉన్నదని ఒప్పుకోని కార్యాలయం, పాత కమిటీ బతికే ఉన్నదనుకుని జరిమానా బెదిరింపు పంపింది. దీనికి నేనేమని జవాబు చెప్పాలో తమరే సెలవివ్వండి.

గుడి గేటుకు ఒకే గొలుసు, రెండు తాళాలు. ఒకటి వారిది, ఒకటి వీరిది. ఇద్దరూ వస్తేనే గేటు తెరుచుకుంటుంది. ఉదయం ఏడింటికి ఒక ఆరాధన, పదింటికి మరొకటి. మే నెలలో ఒక వృద్ధురాలు పోయింది. సండే స్కూల్లో మా తరాన్నంతా పాటలు నేర్పి పెంచిన మనిషి. శవపేటికను గుడి దగ్గరికి తెచ్చేసరికి రెండో తాళంచెవి ఉన్న అతను కొడుకు దగ్గరికని హైదరాబాదు వెళ్లి ఉన్నాడు. ఫోన్లు చేశాం. తాళం పగలగొడదామని యువకులు రాయి తెచ్చారు. పగలగొడితే అదొక కొత్త కేసవుతుందని పెద్దలు వాళ్ల చేతులు పట్టుకున్నారు. విదర్భలో మే ఎండ ఎలా ఉంటుందో తమరికి నేను చెప్పనక్కరలేదు. చివరికి గేటు బయట, వేపచెట్టు కింద, పాస్టరు గారు వాక్యం చదివి సమాధుల తోటకు తీసుకెళ్లారు. ఆమె పెళ్లి జరిగింది ఆ గుడిలోనే, ఆమె పిల్లలకు బాప్తిస్మమిచ్చింది ఆ గుడిలోనే.

క్రిస్మస్ ఆరాధన వేళలు ఇప్పుడు పోలీస్ స్టేషన్లో నిర్ణయమవుతున్నాయి. రెండు వర్గాలనూ పిలిచి, ఇన్నింటి నుంచి ఇన్నింటి వరకు మీరు, ఆ తరువాత వారు అని ఎస్సై గారు రాయించుకుంటారు. ఆయన మర్యాదగానే మాట్లాడతారు. కానీ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల ఆరాధన ఎన్ని నిమిషాల్లో ముగుస్తుందని ఒక పోలీసు అధికారి అడుగుతుంటే మా పాస్టరు గారు తల వంచుకుని జవాబు చెప్పడం చూడవలసి వచ్చింది.

పాస్టరు గారి జీతం సంగతి మరొకటి. చెక్కు లేదు కనుక జీతం లేదు. స్త్రీల సమాజం వాళ్లం ఇంటింటా పిడికెడు బియ్యం పోగుచేస్తాం. అది విధవరాండ్రకూ రోగులకూ ఇవ్వడానికి పెట్టుకున్న పద్ధతి. ఇప్పుడు దానిమీదే పాస్టరు గారి వంట నడుస్తోంది. ఆయనకు పెళ్లిళ్లు జరిపించే లైసెన్సు కూడా ఇంకా రాలేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద ఆ లైసెన్సు రాష్ట్ర ప్రభుత్వమే ఇవ్వాలి, దరఖాస్తు మీద సంఘం తరఫున అధీకృత సంతకం కావాలి, అధీకృతులెవరో తేలలేదు. మా ఆడపిల్లల పెళ్లిళ్లకు కాగజ్‌నగర్‌కో మంచిర్యాలకో వెళ్లి అక్కడి సంఘాలను బతిమాలుకుంటున్నాం. వాళ్లు కాదనరు, మంచివాళ్లు. కానీ సొంత గుడి పెట్టుకుని పక్క రాష్ట్రంలో పందిరి వేసుకోవడం ఎందుకని మగపెళ్లివారు అడిగితే, ఛేంజ్ రిపోర్టు అంటే ఏమిటో వియ్యాలవారికి వివరించడం అంత తేలిక కాదు. వానకాలంలో పులిపీఠం, అంటే పాస్టరు గారు నిలబడి వాక్యం చెప్పే వేదిక, మీద రేకు కారుతుంది. బాగుచేయడానికి ఖర్చు పెట్టే అధికారం ఎవరికి ఉందో తెలియక బకెట్టు పెడుతున్నాం. ఈ వరుసలో ఇంకా ఉన్నాయి, వదిలేస్తున్నాను.

"మీలో మీరు తగువులాడుకుని ప్రభుత్వాన్ని అంటారేం?" అని ఒక అధికారి నాతో అన్నారు. మా తగువులు మావే. కరీంనగర్ వాళ్లు, ఆదిలాబాద్ వాళ్లు అన్న పాత లెక్కలు, అంతకంటే పాతవైన కులం లెక్కలు, కానుకల లెక్కలు, ఎవరి కొడుకును యూత్ నాయకుణ్ణి చేశారన్న లెక్కలు, అన్నీ మా బల్లల మధ్య ఉన్నాయి. వాటిని నేను దాచను. విశ్వాసులు విశ్వాసుల మీద న్యాయస్థానానికి ఎక్కకూడదని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో ఉందని పాస్టరు గారు రెండు ఆరాధనల్లోనూ బోధించారు. అందరూ ఆమేన్ అన్నారు. కానీ రిపోర్టు వేయమన్నది చట్టం. వేసి ఊరుకోవడానికి వీల్లేదు, వెనక్కి తీసుకుంటే పాత పేర్లే నిలుస్తాయి. యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు శిష్యులందరినీ పిలిచి, ఏడుగురిని ఎన్నుకోమని చెప్పి, చేతులుంచి పనికి పంపారు. వాళ్ల అదృష్టం, ఆ ఏడుగురి పేర్లు షెడ్యూల్ వన్‌లోకి ఎక్కవలసిన అవసరం రాలేదు.

మాకున్న భయం ఇంకొకటుంది, ఇది తేలడానికి దశాబ్దాలు పడుతుందేమోనని. ఉత్తర భారత సంఘం, సీఎన్ఐ అంటారే, అది 1970 నవంబరు 29న మన నాగపూర్లోనే ఏర్పడింది. గుజరాత్‌లోని బ్రదరెన్ సంఘం అందులో చట్టప్రకారం కలిసిందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013లో తేలింది. చట్టం చెప్పిన పద్ధతిలో జరగలేదు కనుక ఆ కలయిక చెల్లదని తీర్పు. ఆ సంగతి తెలిసిన మా పెద్దాయన ఒకరు వాయిదాకు వెళ్లినప్పుడల్లా వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టి, "మన మనుమలు చూస్తారులే" అంటారు. ఆయన నవ్వుతారు, నాకు నవ్వు రాదు.

ఇంతలో మరో విడ్డూరం జరిగింది. మా నిబంధనల ప్రకారం కమిటీ పదవీకాలం మూడేళ్లు. ఎన్నికైన పెద్దలు ఎన్నికయ్యారని మీ శాఖ ఒప్పుకోకముందే వారి పదవీకాలం ముగిసింది. కొత్త ఎన్నిక పెట్టుకుని కొత్త రిపోర్టు వేయండని గుమాస్తా సలహా ఇచ్చాడు. కొత్త ఎన్నిక ఎవరు పిలవాలి? గుర్తింపు లేని కమిటీ పిలిస్తే ఆ పిలుపే చెల్లదని అభ్యంతరం వస్తుంది. పాత కమిటీ పిలిస్తే, దానిలో సగం మంది లేరు. ఎలా పిలిచినా మొదటి రిపోర్టు మీద రెండో రిపోర్టు, దాని మీద రెండో అభ్యంతరం పేరుకుంటాయి.

మంత్రివర్యా, మా పక్షాన తేల్చమని నేను అడగడం లేదు. ఆ ఎన్నిక చెల్లదని తేల్చినా సరే, తేల్చండి. తేలిస్తే ఓడినవారికి సెక్షన్ 70 కింద అప్పీలు ఉంటుంది. తేల్చని కాగితం మీద అప్పీలు కూడా ఉండదు. ఖాళీగా ఉన్న కుర్చీలో పూర్తికాలపు అధికారిని నియమించండి. తెలుగు పత్రాలను చదవడానికి ఒక మనిషిని ప్రభుత్వమే పెట్టి, ఆ అనువాదాన్ని రెండు పక్షాలూ ఒప్పుకోవాలని ఆదేశించండి. అంతవరకు జీతానికీ మరమ్మతుకూ సరిపడా డబ్బు తీసుకునేలా సెక్షన్ 41ఎ కింద తాత్కాలిక ఆదేశమైనా ఇప్పించండి. ఇవేవీ కుదరకపోతే కనీసం ఒక తారీఖు చెప్పండి, ఆ రోజున సాహెబు గారు కుర్చీలో ఉంటారని, ఫైలు బల్ల మీద ఉంటుందని, పిలిస్తే మా పేరు పిలుస్తారని. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని నేనే వస్తాను. కోత పండుగకు ముందు ఏ రోజైనా ఫరవాలేదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
స్త్రీల సమాజం మాజీ కార్యదర్శి, విశ్రాంత ఉపాధ్యాయిని